‘కైండ్ హార్ట్స్ అండ్ కోరొనెట్స్’ (1949) చూశారా? ఎక్కడ నవ్వారు, ఎక్కడ నవ్వలేకపోయారు?

వాసంతి, విజయవాడ

ఈ సినిమా చూసినవాళ్లను ఒకటే అడగాలని ఉంది. మొదట మీకు ఎక్కడ నవ్వు వచ్చింది? ఆ నవ్వు ఎక్కడైనా ఆగిపోయిందా? మా ఇంట్లో నలుగురం కలిసి చూశాం. నలుగురిదీ నాలుగు దారులు. ఒకరు పడీ పడీ నవ్వారు, ఒకరు మధ్యలో లేచి వెళ్లిపోయారు. ఇన్ని హత్యలు చేసినవాడు చివరిదాకా మనకు నచ్చుతూనే ఉండటం ఎలా సాధ్యమైందో నాకు అంతుపట్టడం లేదు.

చూడనివాళ్ల కోసం కథ క్లుప్తంగా చెబుతాను. కింద చర్చలో ముగింపు కూడా వస్తుంది కనుక, చూడాలనుకునేవాళ్లు చూశాకే చదవండి.

ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్ల ఇంగ్లండు. లూయీ మజీని తల్లి డాస్కాయిన్ అనే ప్రభువుల ఇంటి ఆడపడుచు. ఇటలీ గాయకుణ్ణి పెళ్లాడినందుకు పుట్టింటివాళ్లు ఆమెను పూర్తిగా వదిలేశారు. ఆమె పేదరికంలోనే పోయింది. తమ వంశం వాళ్లను ఉంచే సమాధి గదిలో తనకూ కాస్త చోటు ఇవ్వాలన్నది ఆమె చివరి కోరిక. దానికీ వాళ్లు ఒప్పుకోలేదు. అక్కడినుంచి లూయీ పగ పడతాడు. తనకూ ఛాల్‌ఫాంట్ డ్యూక్ పదవికీ మధ్య ఉన్న దాయాదులను ఒక్కొక్కరినే తప్పిస్తూ పోతాడు. తెల్లవారితే ఉరి అనగా జైలు గదిలో కూర్చుని ఆత్మకథ రాసుకుంటూ, ఇదంతా మనకు తానే చెబుతాడు. ఆ దాయాదులు ఎనిమిదిమందీ ఒక్క నటుడే, అలెక్ గిన్నిస్. అందులో ఒక ఆడమనిషి కూడా ఉంది.

నాకు మొదట గట్టిగా నవ్వు వచ్చింది తోటలో టీ తాగే దృశ్యంలో. హెన్రీ అనే దాయాదికి ఫొటోల పిచ్చి. భార్య ఎడిత్‌కు మద్యమంటే గిట్టదు కనుక ఫొటోలు కడిగే చీకటి గదిలో దాచుకుని తాగుతుంటాడు. ఆ గదిలోని దీపంలో లూయీ కిరసనాయిలు తీసి పెట్రోలు పోస్తాడు. తరువాత ఎడిత్ ఎదురుగా కూర్చుని ఎంతో మర్యాదగా టీ తాగుతూ మాట్లాడుతుంటాడు. ఆమె వెనక, గోడ అవతల, పొగ లేస్తుంది. ఆమె చూడదు. మనం చూస్తాం, లూయీ చూస్తాడు. కప్పు పట్టుకున్న అతని చెయ్యి వణకదు. నేను నవ్వాను. నవ్వాక కాస్త భయం వేసింది.

రమణమూర్తి

మంచి సినిమా ఎత్తుకున్నావమ్మా వాసంతీ. నాకు చాలా ఇష్టమైన చిత్రం, కాబట్టి కాస్త ఎక్కువగానే రాస్తాను.

ఇది లండన్‌లోని ఈలింగ్ స్టూడియోలో తయారైంది. నిర్మాత మైఖేల్ బాల్కన్, దర్శకుడు రాబర్ట్ హేమర్. హేమర్, జాన్ డైటన్ కలిసి స్క్రీన్‌ప్లే రాశారు. ఆ స్టూడియో 1949లోనే ‘పాస్‌పోర్ట్ టు పిమ్లికో’, ‘విస్కీ గలోర్’ కూడా విడుదల చేసింది. ఆ రెండూ ఊరివాళ్లంతా ఒక్కటై ప్రభుత్వాన్ని ఎదిరించే చల్లని హాస్యాలు. వాటి పక్కన పెట్టి చూస్తే ఈ సినిమా ఎంత వేరో తెలుస్తుంది. ఇందులో ఊరు లేదు, ఐకమత్యం లేదు. ఒక్కడే ఒంటరిగా, చలించని ముఖంతో, తన పని తాను చేసుకుపోతాడు.

మూలకథ 1907లో రాయ్ హోర్నిమన్ రాసిన ‘ఇజ్రాయెల్ ర్యాంక్’ నవల. అందులో కథానాయకుడు సగం యూదుడు. సినిమాలో సగం ఇటలీవాడయ్యాడు. యుద్ధం ముగిసి నాలుగేళ్లే అయిన కాలంలో, యూదుణ్ణి హంతకుడిగా చూపకుండా ఆ మార్పు చేయడం అన్నివిధాలా సరైన పని.

అందరూ గిన్నిస్ ఎనిమిది వేషాల గురించే మాట్లాడతారు. నా దృష్టిలో సినిమాను మోసినవాడు లూయీగా వేసిన డెనిస్ ప్రైస్. ఆ గొంతు వినండి. దగ్గరి బంధువుకు క్షేమసమాచారం రాస్తున్నట్టు హత్యలు చెబుతాడు. ఎక్కడా స్వరం పెరగదు. ఒకచోట, డ్యూక్‌కు కవల పిల్లలు పుట్టి తనకు అడ్డం రెండు మెట్లు పెరిగాయని బాధపడతాడు. వెంటనే గొంతువాపు మహమ్మారి వచ్చి పరిస్థితిని మునుపటిలా చేసిందనీ, డచెస్ కూడా పోవడం అదనపు లాభమనీ అంటాడు. పసిపిల్లల చావు అది. చెప్పే తీరు బ్యాంకు పద్దు చదివినంత నిదానం. వాసంతి అడిగినదానికి నా జవాబు ఇక్కడే ఉంది. ఆ మర్యాదే మనల్ని పట్టి కూర్చోబెడుతుంది. లూయీ ఒక్కసారి పళ్లు కొరికినా, కళ్లెర్రజేసినా మనం అతన్ని వదిలేసేవాళ్లం.

అన్నట్టు, లూయీ పుట్టగానే చూసిన ఆనందంలో గుండె ఆగి పోయే గాయకుడైన తండ్రి ఉన్నాడు కదా, ఆ వేషం కూడా డెనిస్ ప్రైసే వేశాడు. చాలామంది గమనించరు.

శ్రీధర్

నాది వేరే మాట. సినిమా నాకు నెమ్మదిగా అనిపించింది. మొదటి అరగంట కథ చెప్పే గొంతే వినిపిస్తుంది, జరిగేది తక్కువ. హాస్యమంటే సన్నివేశంలో పుట్టాలి కానీ వ్యాఖ్యానంలో కాదు. ఎనిమిది వేషాల్లోనూ కొన్ని రెండు నిమిషాలకు మించవు. జనరల్ వస్తాడు, తన యుద్ధం గురించి గొప్పలు చెప్పుకుంటాడు, చేపగుడ్ల డబ్బా తెరుస్తాడు, అందులో బాంబు పేలుతుంది, అంతే. మనిషి పరిచయం కాకుండానే పోయాడు. తలారి సన్నివేశాలు మాత్రం అద్భుతం, ఒప్పుకుంటాను.

కిరణ్, హైదరాబాద్

శ్రీధర్ గారూ, జనరల్‌ది చిన్న వేషమే, కానీ మనిషి పరిచయమయ్యాడు. ఒకే యుద్ధకథను ఎవరు దొరికితే వాళ్లకు చెప్పే ముసలాయన మనకు తెలియనివాడా? ఆ రెండు నిమిషాల్లోనే గిన్నిస్ నిలబడే తీరు, మెడ తిప్పే తీరు, శ్వాస తీసుకునే తీరు అన్నీ మారిపోతాయి. అతనికి మొదట నాలుగు వేషాలే ఇవ్వబోయారట. స్క్రిప్టు చదివి, నాలుగే ఎందుకు, ఎనిమిదీ వేస్తానన్నాడని చెబుతారు.

నేను కెమెరా పని నేర్చుకుంటున్నవాణ్ణి. అందుకని ఒక షాటు గురించి చెప్పకుండా ఉండలేను. హెన్రీ అంత్యక్రియల ప్రార్థన చర్చిలో జరుగుతుంది. అక్కడ ఒకే ఫ్రేములో ఆరుగురు గిన్నిస్‌లు కనిపిస్తారు. కంప్యూటర్ లేని కాలం. కెమెరామన్ డగ్లస్ స్లోకోంబ్ కెమెరాను కదలకుండా బిగించి, లెన్సు ముందు నల్లటి అడ్డలు పెట్టి, ఒకసారికి ఫ్రేములో ఒక భాగం మాత్రమే పడేలా చేశాడు. ఒక వేషం తీయడం, ఫిల్మును వెనక్కి తిప్పడం, గిన్నిస్ వెళ్లి వేషం మార్చుకుని రావడం, అడ్డ జరిపి మళ్లీ తీయడం. మధ్యలో కెమెరా వెంట్రుకవాసి కదిలినా అప్పటిదాకా తీసినదంతా వృథా. రాత్రి ఎవరైనా పొరపాటున తగులుతారేమోనని స్లోకోంబ్ కెమెరా పక్కనే పడుకున్నాడు. ఈయనే తరువాత 1981లో ‘రైడర్స్ ఆఫ్ ద లాస్ట్ ఆర్క్’కు కెమెరామన్‌గా పనిచేశాడు. 103 ఏళ్లు బతికి 2016లో కన్నుమూశాడు.

బహుపాత్రలు మనకు కొత్త కాదు కదా. ‘నవరాత్రి’ (1966)లో అక్కినేని తొమ్మిది వేషాలు వేశారు. అంతకు రెండేళ్ల ముందు తమిళంలో శివాజీ గణేశన్ వేసినవే. ‘దానవీరశూరకర్ణ’ (1977)లో ఎన్టీఆర్ కృష్ణుడు, కర్ణుడు, దుర్యోధనుడు. మన దగ్గర ప్రతి వేషమూ ఆ నటుడి వైభవం చూపడానికి వస్తుంది, థియేటర్లో ఈలలు పడతాయి. ఇక్కడ గిన్నిస్ ప్రతిసారీ చంపబడటానికే వస్తాడు. ఎనిమిది ముఖాలున్నా, లోపల ఒకే వంశపు అహంకారం ఉందని ఆ ఒక్క నటుడి వల్లే తెలుస్తుంది. ఎనిమిదిమంది నటుల చేత వేయిస్తే ఇది మామూలు హత్యల కథ అయ్యేది.

సుభాషిణి

అందరూ మెచ్చుకుంటున్నారు కనుక నా అభ్యంతరం కూడా వినండి. నాకు నవ్వు రాలేదు. కారణం పడవలో ఉన్న అమ్మాయి.

మొట్టమొదటి హత్య గుర్తు తెచ్చుకోండి. డాస్కాయిన్ల కుర్రవాడు ఒకడు మెయిడెన్‌హెడ్ దగ్గర నది ఒడ్డున ఒక అమ్మాయితో గడపడానికి వస్తాడు. వాళ్లిద్దరూ పడవలో ఉండగా లూయీ ఆ పడవను కట్టు విప్పి వదిలేస్తాడు. అది ఆనకట్ట మీదుగా కిందికి పోతుంది. ఇద్దరూ చచ్చిపోతారు. అమ్మాయి గురించి జాలిపడ్డానంటూనే లూయీ ఒక మాట అంటాడు. ఆ రెండు రోజుల్లో ఆమె చావుకంటే ఘోరమైనది ఎలాగూ అనుభవించే ఉంటుంది కనుక తన మనసు కుదుటపడిందంటాడు. ఆమె డాస్కాయిన్ కాదు. లూయీ తల్లిని అవమానించలేదు. ఆమెకు పేరు కూడా లేదు. మీరంతా మాట్లాడుతున్న మర్యాద, గొంతు నిదానం, ఇవన్నీ ఆ అమ్మాయిని మన కంటికి కనబడకుండా చేయడానికే పనికొచ్చాయి. అదే నాకు మింగుడుపడలేదు.

లేడీ అగాథ సంగతి కూడా అంతే. ఆడవాళ్లకు ఓటు కావాలని పోరాడే మనిషిని బెలూనులో ఎక్కించి, బాణంతో కొట్టి పడేసి, పైన ఒక ప్రాసతో నవ్వించారు.

మాధవి, మాంచెస్టర్

సుభాషిణి గారూ, మీరన్న చోటే థియేటర్లో జరిగింది చెబుతాను. 2019లో ఈ సినిమాకు డెబ్భై ఏళ్లు నిండినప్పుడు, కొత్తగా బాగుచేసిన ప్రింటుతో ఇక్కడ మళ్లీ విడుదల చేశారు. నేను వెళ్లినరోజు హాల్లో సగానికి పైగా తల నెరిసినవాళ్లే. డైలాగులు ముందే తెలిసినట్టు నవ్వుతున్నారు. పడవ ఆనకట్ట మీదుగా జారినప్పుడు నవ్వు వచ్చింది. వెంటనే లూయీ ఆ మాట అన్నప్పుడు పెద్దవాళ్లు గట్టిగా నవ్వారు, నా వరసలో ఉన్న కాలేజీ పిల్లలు ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయారు. ఒకే హాల్లో, ఒకే క్షణంలో రెండు తరాలు విడిపోవడం అంత స్పష్టంగా నేను ఎప్పుడూ చూడలేదు.

అందరూ కలిసి నవ్వింది మాత్రం అడ్మిరల్ దగ్గర. తన పొరపాటు వల్లే రెండు ఓడలు ఢీకొంటాయి. ఓడ మునుగుతుంటే ఆయన కదలకుండా నిలబడి సెల్యూట్ చేస్తాడు. నీళ్లు నడుము దాకా, గడ్డం దాకా, టోపీ దాకా వస్తాయి, చెయ్యి మాత్రం దించడు. ఇది ఊరికే పుట్టిన కల్పన కాదని ఇక్కడివాళ్లకు తెలుసు. 1893లో బ్రిటిష్ నౌకాదళపు ‘విక్టోరియా’ యుద్ధనౌక, సొంత అడ్మిరల్ ట్రయాన్ ఇచ్చిన తప్పు ఆజ్ఞ వల్లే, తోటి ఓడ ‘క్యాంపర్‌డౌన్’ను ఢీకొని మునిగిపోయింది. ఆయనతో పాటు 350 మందికి పైగా చనిపోయారు. పైవాడి మొండితనానికి కిందివాళ్లు ప్రాణాలివ్వడం ఈ దేశంలో చాలా కుటుంబాలకు తెలిసిన చరిత్ర. ఆ నవ్వులో కసి ఉంది.

లేడీ అగాథ విషయంలో కూడా ఒక సంగతి. 1909 ఫిబ్రవరిలో మ్యూరియల్ మాటర్స్ అనే ఉద్యమకారిణి నిజంగానే ‘ఆడవాళ్లకు ఓటు’ అని రాసిన గాలిఓడలో లండన్ మీదుగా ఎగిరి కరపత్రాలు చల్లింది. ఆ ధైర్యం తెలిసినవాళ్లకు అగాథ చావు అంత సులభంగా నవ్వు తెప్పించదు. మీ బాధ నాకు అర్థమవుతుంది.

రమణమూర్తి

సుభాషిణీ, నీ మాట తోసిపుచ్చలేనిది. అయితే ఒక్కటి గమనించు. లూయీ ఎనిమిదిమందినీ చంపడు. చంపింది ఆరుగురినే. అడ్మిరల్ ఓడతో పోతాడు. బ్యాంకరైన పెద్దాయన తానే డ్యూక్ అయ్యానన్న వార్త విని ఆ దెబ్బకే పోతాడు. ఆ పెద్దాయన లూయీకి తన బ్యాంకులో ఉద్యోగమిచ్చి, కొడుకులా చూసుకున్నవాడు. ఆయన్ను చంపాల్సిన అవసరం రాకపోవడం లూయీకి నిజమైన ఊరట. అంటే అతనిలో మనిషి పూర్తిగా చావలేదు.

సుభాషిణి

అయ్యా, గౌరవంతోనే అడుగుతున్నాను. ఉద్యోగమిచ్చిన పెద్దాయన మీద కలిగిన జాలి, పేరులేని అమ్మాయి మీద ఎందుకు కలగలేదు? పెద్దాయన ప్రభువు, ఆమె ఎవరో తెలియదు. ఎవరిని చూసి లూయీ అసహ్యించుకున్నాడో, వాళ్ల కళ్లే అతనికీ వచ్చాయి. సినిమా ఆ సంగతి గ్రహించి చూపిందా, లేక తానూ అదే కళ్లతో చూసిందా? నేను అడిగేది ఇదే.

వాసంతి, విజయవాడ

ఈ ప్రశ్న నన్ను కూడా ఆలోచనలో పడేసింది. నాకు తోచింది చెబుతాను. సినిమా గ్రహించిందనే అనుకుంటున్నాను, దానికి రుజువు డ్యూక్ ఎథెల్‌రెడ్ చావు. తన అడవిలో వేటాడే పేదలను పట్టడానికి ఆ డ్యూక్ మనుషుల కాళ్లు విరిచే ఇనుప బోను పెట్టిస్తాడు. లూయీ అతన్ని ఆ బోనులోకే తెస్తాడు. మిగతా హత్యలన్నీ దూరంనుంచో, అసలు ముఖం చూపకుండానో చేసినవే. ఇక్కడ మాత్రం లూయీ తుపాకి పట్టుకుని ఎదురుగా నిలబడి, ఎందుకు చంపుతున్నాడో చెబుతాడు. తల్లికి జరిగింది గుర్తుచేస్తాడు. ఆ రెండు నిమిషాలు హాస్యం లేదు. గొంతులో మర్యాద ఉంది కానీ దాని కింద కరుడుగట్టిన కోపం ఉంది. అప్పటిదాకా ఇది ఆట అనుకున్న ప్రేక్షకుడికి అక్కడ ఒళ్లు చల్లబడుతుంది. మా ఇంట్లో నవ్వు ఆగింది అక్కడే.

ఆ పదవి చేతికొచ్చాక లూయీ ఎలా మారతాడో కూడా చూడండి. కోటలో కౌలురైతులు వరసగా వచ్చి నమస్కరిస్తుంటే అతను నిలబడే తీరు అచ్చం డాస్కాయిన్‌దే. సుభాషిణి గారు అన్నది నిజమే, వాళ్ల కళ్లే అతనికి వచ్చాయి. కానీ దాన్ని దర్శకుడు మనకు చూపిస్తున్నాడు.

ప్రసాద్, న్యాయవాది

నాకు ఈ సినిమాలో అన్నిటికంటే ఆసక్తి కలిగించింది విచారణ. లూయీ చేసిన హత్యల్లో ఒక్కదానికీ అతన్ని పట్టుకోరు. చేయని హత్యకు పట్టుకుంటారు. చిన్ననాటి స్నేహితురాలు సిబెల్లా భర్త లయొనెల్ ఆత్మహత్య చేసుకుంటే, ఆ నేరం లూయీ మీద పడుతుంది. లూయీ అప్పటికే డ్యూక్ కనుక మామూలు కోర్టులో కాకుండా ప్రభువుల సభలో, సాటి ప్రభువుల ఎదుట విచారణ జరుగుతుంది.

ఇది సినిమా కోసం కల్పించినది కాదు. బ్రిటన్‌లో ప్రభువులకు ఆ హక్కు నిజంగా ఉండేది. చివరిసారి అలాంటి విచారణ జరిగింది 1935లో, లార్డ్ డి క్లిఫర్డ్‌కు. కారు ప్రమాదంలో ఒకరి మరణానికి కారణమయ్యాడని అభియోగం, చివరకు నిర్దోషిగా వదిలేశారు. 1948 చట్టంతో ఆ హక్కును రద్దు చేశారు. సినిమా వచ్చింది మరుసటి ఏడే. తెర మీద ఆ అంగీల వైభవం చూసిన ప్రేక్షకుడికి అది నిన్నగాక మొన్న పోయిన సంగతి.

ఉరి కూడా అంతే. అదే 1948లో ఉరిశిక్షను నిలిపివేయాలని దిగువ సభ ఓటేసింది, ప్రభువుల సభ తోసిపుచ్చింది. దేశమంతా ఉరి గురించి వాదించుకుంటున్న సమయంలో ఈ తలారిని తెర మీదకు తెచ్చారు. హత్యకు ఉరిశిక్ష అక్కడ ఆగింది 1965లో.

శ్రీధర్

తలారి మాట వచ్చింది కనుక నాకు నచ్చింది చెబుతాను. మైల్స్ మాలిసన్ అనే నటుడు వేశాడు. డ్యూక్‌ను ఉరితీయబోతున్నానని అతని ఆనందం అంతా ఇంతా కాదు. ప్రభువును ఎలా సంబోధించాలో జైలు అధికారిని అడిగి మరీ తెలుసుకుంటాడు. పట్టుతాడు వాడాక ఇక జనపతాడు ముట్టుకోలేననీ, ఈ ఉరితో పదవీ విరమణ చేస్తాననీ అంటాడు. ఉరికి ముందు చదవడానికి పద్యం కూడా రాసుకొస్తాడు. ఆ మనిషి ముఖంలో ఎక్కడా క్రూరత్వం లేదు, తన వృత్తి మీద భక్తి ఉంది. ప్రసాద్ గారు చెప్పిన 1948 సంగతి తెలిశాక ఆ సన్నివేశం నాకు ఇంకా పదునుగా కనబడుతోంది. చావులో కూడా పట్టుతాడు, జనపతాడు అని తేడా పెట్టిన సమాజం అది.

నందిని, డాలస్

ఇక్కడ అమెరికాలో పాత ప్రింటు చూసినవాళ్ల అనుభవం వేరు. మొదట అసలు ముగింపు చెబుతాను. సిబెల్లా తన భర్త ఆత్మహత్యకు ముందు రాసిన చీటీ బయటపెట్టడంతో లూయీకి ఉరి తప్పుతుంది. జైలు గేటు బయట రెండు బళ్లు ఆగి ఉంటాయి. ఒకదాంట్లో హెన్రీ పోయాక లూయీ పెళ్లాడిన ఎడిత్, ఒకదాంట్లో సిబెల్లా. ఎవరి దగ్గరికి వెళ్లాలా అని అతను తటపటాయిస్తుండగా ఒక పత్రికా విలేఖరి వచ్చి, మీ ఆత్మకథ మాకిస్తారా అని అడుగుతాడు. అప్పుడు గుర్తొస్తుంది. అన్ని హత్యలూ ఒప్పుకుంటూ రాసిన కాగితాలు గదిలోనే బల్లమీద వదిలేసి వచ్చాడు. సినిమా అక్కడితో అయిపోతుంది.

అమెరికాలో అప్పటి సినిమా నియమావళి ప్రకారం నేరం చేసినవాడు తప్పించుకున్నట్టు చూపకూడదు. అందుకని ఇక్కడి ప్రింటులో ఆ కాగితాలు జైలువాళ్లకు దొరికినట్టు కొన్ని క్షణాల దృశ్యం కలిపారు. నేను రెండూ చూశాను. కలిపింది చిన్న ముక్కే, అయినా సినిమా అంతా పాడైంది. అసలు ముగింపులో లూయీ ఏమవుతాడో మనమే నిర్ణయించుకోవాలి, అతను దొరకాలని కోరుకుంటున్నామా, తప్పించుకోవాలనా అని మన మనసును మనమే అడుక్కోవాలి. అమెరికా ముగింపు ఆ బాధ్యత మన చేతిలోంచి లాగేసుకుంది.

ఇంకో సంగతి ఎవరూ ఎత్తలేదు. పిల్లల లెక్కింపు పాటలో నల్లజాతివాళ్లను అవమానించే మాట ఒకటి అసలు ప్రింటులో ఉంది. అమెరికా ప్రింటులో ఆ ఒక్కచోట వేరే మాట పెట్టారు. పిల్లలతో చూసేవాళ్లు ముందే తెలుసుకుని కూర్చోండి. లూయీ మారువేషంలో ఆఫ్రికానుంచి వచ్చిన బిషప్‌గా మాట్లాడే సన్నివేశంలో కూడా వలసపాలకుల చూపు ఉంది. ఆ ఇంగ్లండు తన ప్రభువులను చూసి నవ్వుకోగలిగింది, కానీ తాను పాలించినవాళ్లను మనుషులుగా చూడటం అప్పటికింకా నేర్చుకోలేదు. మనం అవతలివైపు నుంచి వచ్చినవాళ్లం, మనకు అది కనబడి తీరాలి.

కిరణ్, హైదరాబాద్

నందిని గారు చెప్పింది గిన్నిస్ విషయంలో తరువాత కూడా ఎదురవుతుంది. 1984లో ‘ఎ ప్యాసేజ్ టు ఇండియా’లో ఆయన ముఖానికి రంగు పూసుకుని ప్రొఫెసర్ గోడ్‌బోలేగా వేశాడు. ఎనిమిదిమంది ఇంగ్లిషువాళ్లను పట్టుకున్న మనిషి ఒక్క భారతీయుణ్ణి పట్టుకోలేకపోయాడు. తనవాళ్లయిన ప్రభువులూ పాదరులూ సైనికాధికారులూ ఆయనకు చిన్నప్పటినుంచీ తెలుసు, గోడ్‌బోలే తెలియదు. నటనలో పరిశీలన ఎంత ముఖ్యమో నాకు అక్కడే అర్థమైంది.

మాధవి, మాంచెస్టర్

ఆడపాత్రల గురించి కూడా ఒక మాట. సిబెల్లాగా వేసిన జోన్ గ్రీన్‌వుడ్ గొంతు ఒక్కసారి వింటే మరచిపోలేం. వేలరీ హాబ్సన్ వేసిన ఎడిత్ ధర్మానికి కట్టుబడిన మనిషి. లూయీకి ఎడిత్ గౌరవమిస్తుంది, సిబెల్లా అతను ఎవరో తెలిసి కూడా దగ్గరగా ఉంటుంది. ఈ కథలో లూయీకి సాటి వచ్చింది సిబెల్లా ఒక్కతే. ఆమె చీటీ దాచి బేరం పెట్టే సన్నివేశంలో మొదటిసారి లూయీ మర్యాద అతన్ని కాపాడదు. అవతల కూడా అంతే మర్యాదగా మాట్లాడే మనిషి ఉంది.

కోట చూడాలనుకునేవాళ్లకు: బయటి దృశ్యాల్లో ఛాల్‌ఫాంట్‌గా కనబడేది లీడ్స్ కోట. అది లీడ్స్ నగరంలో లేదు, కెంట్‌లో ఉంది. చుట్టూ నీళ్లతో, సినిమాలో కంటే అందంగా ఉంటుంది.

సుభాషిణి

వాసంతి గారి బోను వాదన బాగుంది, ఆ సన్నివేశం మళ్లీ చూశాను. అక్కడ దర్శకుడు లూయీని బయటనుంచి చూస్తున్నాడని ఒప్పుకుంటున్నాను. కానీ పడవ దగ్గర ఆ దూరం లేదు. అక్కడ కెమెరా, వ్యాఖ్యానం, మనం, అందరం లూయీ పక్షమే. ఎథెల్‌రెడ్‌కు చివరి మాట చెప్పే అవకాశం దక్కింది, ఆ అమ్మాయికి దక్కలేదు. కాబట్టి ఇది గొప్ప సినిమా అంటే అభ్యంతరం లేదు, కానీ మొదటి హత్య దగ్గర నేను నవ్వను.

ఆమె ఎవరో వెతికాను. నటి పేరు ఆన్ వేలరీ. పాత్ర పేరు ‘పడవలో అమ్మాయి’ అనే ఉంది. ఆమె తరువాత నటన వదిలి రచయిత్రి అయింది. బీబీసీలో 1980లలో వచ్చిన ‘టెంకో’ ధారావాహికకు ప్రధాన రచయిత్రుల్లో ఒకరు. రెండో ప్రపంచయుద్ధంలో జపాన్ సైన్యానికి చిక్కి, నిర్బంధ శిబిరాల్లో బతికిన ఆడవాళ్ల కథ అది. ప్రతి మనిషికీ పేరుంది, గతముంది, గొడవలున్నాయి.

రమణమూర్తి

ఇన్నేళ్లుగా ఈ సినిమా చూస్తున్నాను, ఆన్ వేలరీ తరువాత రచయిత్రి అయిందని నాకు తెలియదు. సంతోషం తల్లీ. ‘టెంకో’ ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి, చూడాలి.

వాసంతి, విజయవాడ

నేనూ చూస్తాను. సినిమా మొదటిసారి చూడబోయేవాళ్లకు ఒక్క సూచన. డిస్కు కొనేముందు అది బ్రిటిష్ ప్రింటో కాదో అడిగి కొనండి. అమెరికా ముగింపును విడిగా, అదనపు అంశంగా ఇచ్చిన డిస్కులు ఉన్నాయి. ముందు అసలు సినిమా పూర్తిచేసి, కాసేపు మాట్లాడుకుని, తరువాత అది పెట్టండి. రెండూ వెంటవెంటనే చూస్తే నందిని గారు చెప్పిన తేడా ఎంతో స్పష్టంగా తెలుస్తుంది. చూసి వచ్చి, పడవ దగ్గర మీరు ఏ పక్షాన ఉన్నారో ఇక్కడ రాయండి.